ఎలక్ట్రిక్ బేస్ నుంచి అప్‌రైట్‌కి మారుతుంటే మొదటి వాయిద్యం ఎలా కొనాలి?

మీరడిగింది క్లుప్తంగా ఇదీ: పదేళ్లుగా ఎలక్ట్రిక్ బేస్ వాయిస్తున్నారు, జాజ్ మీద మనసు పోయి, పెద్ద వయొలిన్‌లా ఉండి నిలబెట్టి వాయించే అప్‌రైట్ బేస్‌కి మారాలనుకుంటున్నారు, చికాగో దగ్గర ఉంటున్నారు, 2,500 డాలర్ల దాకా పెట్టగలరు. ఆన్‌లైన్‌లో 900కి కొత్త బేస్ ఒకటి ఉంది, ఎవరో 2,400కి పాత కార్వ్‌డ్ (దిమ్మ నుంచి చెక్కి చేసిన) బేస్ అమ్ముతున్నారు. ఏది కొనాలి? తర్వాత ఇండియా తీసుకెళ్లొచ్చా?

రెండూ వద్దండి. ముందు అప్‌రైట్ బేసులు సెటప్ చేసే (వాయించడానికి వీలుగా సరిచేసే) మంచి పనివాణ్ని, అంటే లూథియర్‌ని వెతుక్కోండి. ఆయన చేతి మీదుగా వెళ్లిన మామూలు ప్లైవుడ్ బేస్, వాడినదైనా సరే, తీసుకోండి.

నేనూ అటునుంచి వచ్చినవాణ్నే. ఇంజినీరింగ్ కాలేజీ బ్యాండులో ఇళయరాజా పాటల బేస్ లైన్లు బట్టీపట్టిన బాపతు. అందుకే మన బుర్ర ఎలా పనిచేస్తుందో తెలుసు. బ్రాండు చూస్తాం, ఏ చెక్కో చూస్తాం, యూట్యూబ్‌లో నాలుగు వీడియోలు విని ఆర్డర్ పెట్టేస్తాం. ఎలక్ట్రిక్‌కి అది చెల్లుతుంది. ఒకే మోడల్ ఎక్కడ కొన్నా ఇంచుమించు ఒకేలా ఉంటుంది, యాక్షన్, అంటే తీగల ఎత్తు, ఎక్కువైతే ఎలెన్ కీ తిప్పి మనమే దించుకుంటాం.

అప్‌రైట్‌లో అలా ఒక్క కీ తిప్పితే సరిపోదు. తీగలను ఎత్తి పట్టే చెక్క, అంటే బ్రిడ్జ్‌ని దేనితోనూ అతికించరు, తీగల బిగువు మీదే నిలబడుతుంది. లోపల సన్న తీగ వైపు, బ్రిడ్జ్ పాదానికి కాస్త కిందుగా, సౌండ్‌పోస్ట్ అనే గుండ్రటి కర్ర పై చెక్కకీ వెనక చెక్కకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. దానికీ జిగురుండదు. ఈ రెంటినీ ఏ బేస్‌కి ఆ బేస్‌కి చేత్తో చెక్కి కూర్చాల్సిందే. మా లూథియర్ బ్రిడ్జ్ పాదం కూర్చుతుంటే పక్కన నిలబడి చూశాను. బేస్ పై చెక్క మీద సుద్ద రాస్తాడు, బ్రిడ్జ్‌ని దాని మీద మెల్లగా ఒత్తి తీస్తాడు, పాదం అడుగున ఎక్కడ తెల్లగా అంటిందో అక్కడ మాత్రం కత్తితో పొరలా గీకుతాడు. మళ్లీ సుద్ద, మళ్లీ ఒత్తడం, మళ్లీ గీకడం. పాదం అంతటా ఒకేలా తెలుపు అంటేదాకా వదలడు. 900 డాలర్ల బేస్‌కి ఈ పని ఎవరు చేసి ఉంటారు?

ఎవరూ చేయరు. అట్టపెట్టెలో వచ్చే బేస్‌కి బ్రిడ్జ్ దిమ్మలా మందంగా ఉంటుంది, మెడ పైకొసన తీగలు ఆనే నట్ ఎత్తుగా ఉంటుంది, దారిలో సౌండ్‌పోస్ట్ పడిపోయి లోపల దొర్లుతుండొచ్చు. ఫింగర్‌బోర్డ్ (వేళ్లతో తీగలు నొక్కే పలక) చివర కొలిస్తే సన్న తీగ 5, 6 మిల్లీమీటర్లు, లావు తీగ 8, 9 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటే జాజ్ మొదలుపెట్టేవాళ్లకి హాయిగా ఉంటుంది. ఫ్యాక్టరీ నుంచి నేరుగా వచ్చినవాటిలో బట్టలారేసే తీగంత ఎత్తున్నవీ చూశాను. అలాంటిదాని మీద నెల వాయిస్తే మీకు రాదనుకుని మానేస్తారు. నిజానికి మీకు రాకపోవడం కాదు, అది ఎవరికీ లొంగదు. దాన్ని దారిలో పెట్టడానికి సెటప్‌కి 300 నుంచి 600 డాలర్లు, మంచి తీగలకి ఇంకో 150 నుంచి 250 అవుతాయి. అంతా అయ్యాక చేతిలో మిగిలేది మళ్లీ అమ్ముదామంటే కొనేవాడు లేని బేస్.

ఇక ఆ 2,400 కార్వ్‌డ్ బేస్. కార్వ్‌డ్ అంటే పై చెక్క, వెనక చెక్క దిమ్మ నుంచి చెక్కి తీసినవి. ధ్వని లోతుగా ఉంటుంది, విల్లుతో వాయిస్తే తేడా బాగా తెలుస్తుంది. కాదనను. కానీ ఆ ధరకి కార్వ్‌డ్ దొరుకుతోందంటే దాని వెనక ఏదో రిపేరు కాచుకుని ఉంటుంది. పైగా మీరుండేది చికాగోలో. జనవరిలో హీటర్ నడుస్తుంటే ఇంట్లో తేమ 20 శాతానికి పడిపోతుంది, ఆగస్టులో కిటికీ తీస్తే 70 దాటుతుంది. తేమకి చెక్క ఉబ్బి తీగలు లేస్తాయి, చలికాలంలో చెక్క కుంచించుకుని దిగుతాయి. మరీ ఎండిపోతే పై చెక్క చీలుతుంది. ఎలక్ట్రిక్ బేస్ దిగ్గజం జాకో పాస్టోరియస్ కథ బేస్ పట్టుకున్నవాళ్లందరికీ తెలిసిందే, ఫ్లోరిడా తేమకి ఆయన అప్‌రైట్ విచ్చిపోయింది. ఆ తర్వాతే ఫ్రెట్లు (మెడ మీది లోహపు గీతలు) పీకేసిన ఎలక్ట్రిక్‌తో ఆయన పేరు మారుమోగింది. కార్వ్‌డ్ కొంటే గదిలో హ్యుమిడిఫయర్ పెట్టి తేమను 40, 50 శాతం మధ్య కాపాడుకోవాలి. మొదటి బేస్‌కే ఈ టెన్షన్ ఎందుకు?

ప్లైవుడ్ అనగానే మొహం చిట్లించకండి. పొరలు అడ్డంగా నిలువుగా అతికించి ఉంటాయి కాబట్టి వాతావరణానికి అంత తొందరగా చీలదు. మన చికాగోలోనే కే కంపెనీ 1930ల నుంచి 1960ల దాకా వేలకొద్దీ ప్లైవుడ్ బేసులు చేసింది. స్కూళ్లలో, డాన్స్ బ్యాండుల్లో, బ్లూగ్రాస్ అనే అమెరికన్ జానపద సంగీతంలో వాటినే వాయించారు, ఇప్పటికీ వాయిస్తున్నారు. మంచి స్థితిలో ఉన్న పాత కే మీ బడ్జెట్ దాటొచ్చు. అయితే షెన్, ఈస్ట్‌మన్, క్రిస్టఫర్ లాంటివాటిలో వాడిన ప్లైవుడ్ బేసులు లూథియర్ల దగ్గర తరచూ వస్తుంటాయి. 1,800, 2,000 మధ్య సెటప్‌తో సహా దొరికితే తీసుకోవచ్చు. మిగిలిన డబ్బుతో క్లాసులు పెట్టించుకోండి. పై చెక్క మాత్రం కార్వ్‌డ్‌గా ఉండే హైబ్రిడ్ కూడా ఉంది, కానీ 3,000 లోపు నికార్సైనది కష్టం.

ఇంకో మాట. కొనకముందు రెండు మూడు నెలలు అద్దెకి తీసుకోండి. చాలా షాపులు కట్టిన అద్దెలో కొంత భాగాన్ని కొనేటప్పుడు ధరలోంచి తగ్గిస్తాయి, ఆ షరతు కాగితం మీద రాయించుకోండి. అద్దె బేస్‌తో మీ చేతులకి అసలు సంగతి తెలుస్తుంది. ఎలక్ట్రిక్ స్కేల్, అంటే మోగే తీగ పొడవు, 34 అంగుళాలైతే, మామూలుగా దొరికే త్రీ-ఫోర్త్ సైజు అప్‌రైట్‌కి 41, 42 అంగుళాలుంటుంది. త్రీ-ఫోర్త్ అంటే పిల్లలది అనుకోకండి, పెద్దవాళ్లు వాయించే సైజే అది. తీగల శృతి మీకు తెలిసిందే, అదేమీ మారదు. మారేది ఎడమ చెయ్యి. ఎలక్ట్రిక్ మీద నాలుగు వేళ్లకి నాలుగు ఫ్రెట్లు కదా, ఇక్కడ కింది పొజిషన్లలో చూపుడువేలికీ చిటికెనవేలికీ మధ్య పట్టేది ఒక హోల్ టోన్ (రెండు ఫ్రెట్ల దూరం) మాత్రమే. ఉంగరపు వేలు చిటికెనవేలికి తోడుగా నొక్కుతుంది. బొటనవేలితో బిగించి పట్టడం మనకున్న పాత జబ్బు, దాంతో వారంలోనే మణికట్టు మొరాయిస్తుంది. భుజం బరువు తీగ మీదకి దించడం నేర్పే టీచర్ దగ్గర కొన్ని క్లాసులైనా కూర్చోండి.

షాపులో ఏం చూడాలంటే, ముందు బేస్ అంచు చుట్టూ వేలి కణుపుతో తడుతూ రండి. ఎక్కడైనా గలగలమని చప్పుడొస్తే అక్కడ అతుకు విడింది. దానికి భయపడక్కర్లేదు. చెక్క చీలేకన్నా అతుకు విడిపోవడమే నయమని హైడ్ గ్లూ అనే జిగురును కావాలనే వాడతారు. లూథియర్ సులువుగా మళ్లీ అతికిస్తాడు. భయపడాల్సింది సౌండ్‌పోస్ట్ ఉన్నచోట వచ్చే చీలికకి, మరీ ముఖ్యంగా వెనక చెక్క మీద. మెడ మొదట్లో పగిలి అతికించిన గీత ఉందేమో కూడా చూడండి. తడిగుడ్డతో ఫింగర్‌బోర్డ్‌ని ఒక మూల తుడవండి, గుడ్డకి నలుపు అంటితే అది ఎబొనీ (సహజంగా నల్లగా ఉండే గట్టి చెక్క) కాదు, రంగు వేసిన ఏదో చెక్క. చవక బేసుల్లో ఇది మామూలే. బేరానికి పనికొస్తుంది.

మెడ కింద వంపులో బొటనవేలు ఆగినచోట, సన్న తీగ మీద చూపుడువేలికి డి స్వరం పలకాలి. కొన్నిటికి ఈ-ఫ్లాట్ పలుకుతుంది, అదీ మంచిదే. మధ్యలో ఎక్కడో పలికితే వదిలెయ్యండి, చెయ్యి కుదరక రోజూ అవస్థే. ఆ తర్వాత ప్రతి తీగ మీదా కింది నుంచి పైదాకా ఒక్కో స్వరం నిదానంగా వాయించండి. ఒకటి రెండు స్వరాలు వణికినట్టు ఊగితే దాన్ని వుల్ఫ్ అంటారు, కొద్దిగా అయితే సర్దుకోవచ్చు. చివరగా ఇంకెవరినైనా వాయించమని మీరు పదిహేనడుగుల దూరంలో నిలబడి వినండి. వాయించేవాడికి వినిపించే ధ్వని వేరు, ఎదురుగా కూర్చున్నవాళ్లకి చేరేది వేరు.

ధ్వనిని యాంప్‌కి అందించే పికప్ గురించి ఇప్పుడే కంగారు పడొద్దు. బ్యాండులోకి వెళ్లేటప్పుడు పియెజో పికప్ పెట్టించుకోవచ్చు. దాన్ని నేరుగా మీ ఎలక్ట్రిక్ యాంప్‌కి తగిలిస్తే శబ్దం పల్చగా, రేకు డబ్బా మోగినట్టుంటుంది, అందుకే మెగా ఓమ్ స్థాయి ఇన్‌పుట్ ఉన్న ప్రీయాంప్ (సిగ్నల్‌ని యాంప్‌కి తగ్గట్టు సర్దే చిన్న పెట్టె) మధ్యలో పెడతారు. విల్లు మాత్రం మొదటి ఏడాదిలోనే తీసుకోండి. జాజ్‌లో వాడకపోయినా, శృతి ఎక్కడ తప్పుతోందో విల్లు దాచదు.

ఇంట్లో గోడకి ఆనించి నిలబెట్టకండి, పక్కకి పడుకోబెట్టండి. కారు విషయానికొస్తే, ముందు సీటు వెనక్కి వాల్చి మెడ డాష్‌బోర్డ్ వైపు వచ్చేలా పెడితే చిన్న హ్యాచ్‌బ్యాక్‌లో కూడా పడుతుంది. సెడాన్ అయితే కొనకముందే కొలుచుకోండి.

ఇండియాకి తీసుకెళ్లడం అంటారా, నా మాట వింటే వద్దు. విమానంలో వెయ్యాలంటే గట్టి ఫ్లైట్ కేస్ కావాలి, ఆ కేసే బేస్ కన్నా బరువు, ఓవర్‌సైజ్ ఛార్జీ వేరు. మెడ విడిపోయేలా చేసిన ప్రయాణపు బేసులున్నాయి గానీ అవి మీ బడ్జెట్‌లో రావు. తీసుకెళ్లాక హైదరాబాద్‌లోనో విజయవాడలోనో వయొలిన్ బాగుచేసేవాళ్లు దొరకొచ్చు, బేస్‌కి సౌండ్‌పోస్ట్ కూర్చడం అలవాటున్న చెయ్యి దొరకడం కష్టం. తిరిగి వెళ్లిపోయే ఆలోచన గట్టిగా ఉంటే ఇక్కడున్నన్నాళ్లూ అద్దె బేస్‌తోనే నడపండి. వెళ్లేముందు యమహా సైలెంట్ బేస్ లాంటి ఎలక్ట్రిక్ అప్‌రైట్ ఒకటి వాడినది చూసుకోండి. స్కేల్ ఇదే, చేతి అలవాటు పోదు, అపార్ట్‌మెంట్‌లో పక్కింటివాళ్లతో గొడవా ఉండదు.