అరుగు పగలగొడితేనే బండి లోపలికి వస్తుందట!

"అక్కా, మాది నెల్లూరు. ఇల్లు పెన్నాకు దగ్గర్లోనే. 2015 నవంబరు వానలకు హాల్లో మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. అది చూసి మా మామగారు పాత ఇల్లు తీయించి, అప్పు చేసి, బాగా ఎత్తు లేపి కొత్తది కట్టించారు. 2021లో పెన్నా పొంగినప్పుడు నీళ్లు రెండో మెట్టు దగ్గరే ఆగిపోయాయి. పోర్టికోలో ఒక పక్కన తను కూర్చోవడానికి అరుగు కట్టించుకున్నారు. రెండేళ్ల కిందట ఆయన పోయారు. ఇప్పుడు సాయంత్రాలు మా అత్తగారు ఆ అరుగు మీదే కూర్చుంటారు.

మా ఆయనకు రొయ్యల హేచరీలో వాటా ఉంది. పన్నెండేళ్లు కూడబెట్టుకుని మార్చిలో ఒక సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు కొన్నారు. మొదటి రోజే ర్యాంపు మొదట్లో బంపర్ నేలకు తగిలింది. చెక్కలు పెట్టి ఎక్కిస్తే పైన పొట్ట పట్టేసి, ముందుకూ పోలేదు, వెనక్కూ రాలేదు. వీధంతా చూసింది. మేస్త్రీ వచ్చి, బండిని ఏటవాలుగా ఎక్కించాలి, దానికి అరుగు తీసేయాలి అన్నాడు. మా ఆయన అమ్మను అడగకుండానే శనివారం పని మొదలుపెట్టమన్నారు. అత్తగారు అరుగు మీద కూర్చుని లేవలేదు. 'మీ నాయన గుర్తు పగలగొట్టి బండి పెట్టుకుంటావా' అన్నారు. ఆయన, 'పోయినవాళ్ల కోసం ఉన్నవాళ్లు వీధిలో ఉండాలా' అనేశారు. ఐదు నెలలుగా ఇద్దరికీ మాటల్లేవు. అన్నీ నా చేతే చెప్పిస్తున్నారు. బండి అమ్మేయమని ఆయన్ని అడగనా? అరుగు వదిలేయమని అత్తగారిని బతిమాలనా?"

చెల్లెమ్మా,

రెండూ వద్దు. బండి అమ్మమనీ అడగొద్దు, అరుగు వదలమనీ బతిమాలొద్దు. నీ ఉత్తరం వెనక కాగితం మీద మీ ఆయన రాసుకున్న కొలతలు ఉన్నాయి చూడు, వాటిని నేను మా ఒంగోల్లో ఒక సివిల్ ఇంజినీరుకు చూపించాను. ఆయన చెప్పింది విన్నాక నాకు అర్థమైంది ఏంటంటే, ఈ ఐదు నెలలూ మీ ఇంట్లో గొడవంతా అవసరం లేని ఒక పని గురించి జరిగింది. అరుగు తీసినా బండి సరిగ్గా ఎక్కదు. అరుగు ఉన్నా ఎక్కించవచ్చు.

ముందు ఆ లెక్క చెప్తాను, ఎందుకంటే అది తెలియకే ఇంత మనస్తాపం.

రోడ్డు నుంచి పోర్టికో 27 అంగుళాల ఎత్తు. గేటు నుంచి పోర్టికో అంచుకు ఆరే అడుగులు. ఆరడుగుల్లో అంత ఎత్తు ఎక్కాలంటే వాలు 20 డిగ్రీలు దాటుతుంది. మీ పాత స్విఫ్టే నలుగురు కూర్చుంటే గీరుకునేదని, గేటు దగ్గర అందరూ దిగి నడిచేవారని రాశావు కదా. స్విఫ్ట్ కింద ఖాళీ 163 మిల్లీమీటర్లు. ఈ బండికి 120, అంటే ఐదంగుళాలు కూడా లేదు. ముందు, వెనక చక్రాల మధ్య దూరమేమో 2470 మిల్లీమీటర్లు. అంత పొడవున్న పొట్ట, అంత తక్కువ ఎత్తులో, 11 డిగ్రీల మలుపు వరకే తగలకుండా దాటుతుంది. మీ ర్యాంపు పై అంచు దానికి దాదాపు రెట్టింపు. మేస్త్రీ చెప్పిన ఏటవాలు కిటుకు అబద్ధం కాదు. కింద ఒక చక్రం ముందు ఎక్కితే బంపర్‌కు కొంత ఊపిరి దొరుకుతుంది. పై అంచు దగ్గర పొట్ట ఇబ్బంది మాత్రం దాంతో తీరదు. చెక్కలైనా, బజార్లో దొరికే రబ్బరు దిమ్మలైనా ఇంతే. రెండు మూడు డిగ్రీల తేడాకు పనికొస్తాయి, ఇంత తేడాకు కాదు.

పార్కింగ్ ర్యాంపులకు మన భవన నిబంధనల్లో ఉండే వాలు ఎనిమిది అడుగులకు ఒక అడుగు. అది ఏడు డిగ్రీల పైచిలుకు. మీ ఆయన బండికి అది చాలు.

ఇక్కడ మీ ఆయన ఒకటి గమనించాలి. మామగారు లేపిన ఆ ఎత్తు మీద ఆయనకు కోపం ఉంది కదా, ఆ బండికి అంత మేలు చేసేది ఇంకొకటి లేదు. 2021 నవంబరులో పడుగుపాడు దగ్గర హైవే కోసుకుపోయింది, రైలు కట్ట కోసుకుపోయింది. ఆ రోజు మీ వీధిలో రెండో మెట్టు దాకా అంటే అడుగు నీళ్లు. అలాంటి నీళ్లు మళ్లీ వస్తే వీధిలో అందరికంటే ముందు మునిగేది ఐదంగుళాల బండే. సీట్ల కిందికి, వైర్లలోకి నీళ్లు చేరతాయి. ఆ కంగారులో ఎవరైనా స్టార్ట్ చేస్తే ఇంజిన్‌లోకి నీళ్లు లాగి, లోపల రాడ్లు వంగిపోతాయి. కాబట్టి ఎత్తును పూర్తిగా కొట్టేయకూడదు. ర్యాంపు పొడవు పెరగాలి.

ఇంజినీరు చెప్పిన పద్ధతి ఇది. ఇంటి లోపలి నేల ఎక్కడుందో అక్కడే ఉంటుంది. పోర్టికోలో బండి నిలిచే భాగాన్ని మాత్రం 12 అంగుళాలు దించాలి. అప్పుడు ఎక్కాల్సిన ఎత్తు 15 అంగుళాలే. ర్యాంపును గేటు నుంచి లోపలికి పదడుగులు లాగాలి. వాలు సరిగ్గా ఎనిమిదికి ఒకటి వస్తుంది. మీ పోర్టికో లోతు ఇరవై అడుగులు కాబట్టి, ర్యాంపుకు నాలుగు అడుగులు పోయినా పదహారు అడుగుల చదును మిగులుతుంది. బండి నిలవడానికి చాలు. దించాక కూడా అది 2021 నీటి మట్టానికి మూడంగుళాలు పైనే ఉంటుంది. మూడంగుళాలు పెద్ద ధైర్యం కాదు, నిజమే. పెన్నాకు వరద హెచ్చరిక వచ్చిన రోజు మాత్రం బండిని ముందే మెరక మీదికి తీసుకెళ్లి పెట్టుకోవాలి.

అరుగు సంగతి. పోర్టికో వెడల్పు పదిహేను అడుగులు, అరుగు రెండున్నర. ఇంజినీరు గీసిన బొమ్మలో అరుగును ముట్టుకోలేదు. అది చూసి నేను సంతోషపడబోయి ఆగాను. నేల అడుగు దిగితే అరుగు అడుగు ఎత్తవుతుంది. మోకాళ్ల నొప్పులున్న మీ అత్తగారు దాని మీదికి ఎలా ఎక్కుతారు? అరుగు మిగిలి, ఆవిడ కూర్చోలేకపోతే అది ఇంకా పెద్ద బాధ. అందుకని అరుగు ముందు మూడడుగుల వెడల్పున నేలను దించకుండా పాత ఎత్తులోనే ఉంచమన్నాను. ఇంటి గడప దాటి, మెట్టు దిగే పని లేకుండా, ఇప్పుడు నడిచినట్టే నడిచి వెళ్లి కూర్చుంటారు. ఆ అంచుకు ఒక కమ్మీ పెట్టించండి. ఇంకా తొమ్మిదిన్నర అడుగులు బండికి మిగులుతుంది. రెండు తలుపుల బండ్లకు తలుపు పొడుగ్గా ఉంటుంది, అయినా ఇబ్బంది పడరు.

ర్యాంపు మీద నున్నటి గ్రానైట్ వేయించకండి. మా ప్రకాశం వాళ్లకు చీమకుర్తి నల్లరాయి అంటే ప్రాణం. మా ఇంటి ర్యాంపుకు కూడా అద్దంలాంటి గెలాక్సీ రాయే వేయించాం. మొదటి వానకే మా నాన్న దాని మీద జారి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. గరుకు కాంక్రీటు పోయించి, తడిగా ఉండగానే అడ్డంగా గాట్లు పెట్టించండి. ర్యాంపును గేటు బయటికి, సైడు కాలువ మీదికి లాగుదామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. నీళ్లు పక్కింటి ముందు నిలుస్తాయి, మునిసిపాలిటీ వాళ్లు వచ్చి కొట్టేస్తే డబ్బు కూడా పోతుంది.

ఇప్పుడు ఆ ఇద్దరి సంగతి.

మీ ఆయన రాత్రి రెండింటికి లేచి, కిటికీ తెర తీసి, వీధిలో కవరు కప్పిన బండిని చూసుకుని మళ్లీ వచ్చి పడుకుంటారని రాశావు. అది పొగరు కాదు చెల్లెమ్మా. పన్నెండేళ్లు ఆగి కొనుక్కున్నది. గుమ్మం దాకా వచ్చి ఇంట్లోకి రాలేదు. పైగా వీధివాళ్ల ముందు ఇరుక్కుపోయింది. ఆ అవమానం ఆయన ఎవరితోనూ చెప్పుకోలేదు, కోపంగా బయటపెట్టారు. అత్తగారిదీ మొండితనం కాదు. ఆవిడ కొడుకు కారు కొన్నందుకు బాధపడుతున్నట్టు నీ ఉత్తరంలో ఒక్క ముక్క కూడా నాకు కనపడలేదు. మొదటి రోజు బండికి నిమ్మకాయలు కట్టింది ఆవిడేనని నువ్వే రాశావు. తన భర్త కట్టించుకున్న అరుగును పగలగొట్టడానికి మేస్త్రీ సుత్తి పట్టుకుని వచ్చాక ఆవిడకు సంగతి తెలిసింది. నన్ను అడగలేదే అన్నది ఆవిడ బాధ. ఆ పైన ఆ మాట. భర్త పోయి రెండేళ్లు కూడా నిండని మనిషి ముందు అనాల్సిన మాట కాదు అది.

కాబట్టి కొలతల కాగితం అత్తగారి ముందు పెట్టకముందే మీ ఆయన ఒక పని చేయాలి. సాయంత్రం ఆవిడ కూర్చున్నప్పుడు వెళ్లి పక్కన కూర్చుని, "అమ్మా, నాయన గురించి నేను ఆ రోజు అట్ట అనుండకూడదు. తప్పు నాదే" అనాలి. అంతే. దాని తర్వాత "కానీ" అని మొదలుపెట్టకూడదు. ఆ రోజు బండి ఊసు అసలు ఎత్తకూడదు. ఆవిడ ఏడిస్తే ఏడవనివ్వాలి, తిడితే పడాలి. లేచి వెళ్లిపోయినా సరే, మర్నాడు మళ్లీ వెళ్లి కూర్చోవాలి. మగవాళ్లకు ఇది కష్టమే, అందులోనూ తల్లి దగ్గర. నువ్వు ఆయనకు ఈ ఉత్తరం ఇచ్చి చదవమను. నువ్వు వివరించి చెప్పకు.

ఎందుకంటే నువ్వు ఇప్పటికే చాలా మోశావు. "కాఫీ తాగాడా అడుగు", "మందులు తెచ్చానని చెప్పు", ఇలా ఒకే హాల్లో కూర్చున్న ఇద్దరి మధ్య రోజుకు పదిసార్లు తిరుగుతున్నావు. నువ్వు అందిస్తున్నంత కాలం వాళ్లకు మాట్లాడుకోవాల్సిన అవసరం రాదు. ఈ పూట నుంచే, "అత్తయ్యా, ఆయన ఇక్కడే ఉన్నారు, మీరే అడగండి" అని నవ్వుతూనే చెప్పి వంటింట్లోకి వెళ్లిపో. నాలుగు రోజులు ఇల్లు ఇంకా బిగుసుకుంటుంది. మనసు ఆగక మళ్లీ మధ్యలోకి వెళ్లకు.

తర్వాత, వాళ్లిద్దరి మధ్య మాట కలిశాక, కొలత. మందపాటి అట్ట ఒకటి తీసుకుని బండి పక్క రూపాన్ని పదో వంతుకు కోయమను. చక్రాల మధ్య 24.7 సెంటీమీటర్లు, పొట్ట కింద 1.2. ముందు బంపర్ చక్రం కంటే ఎంత బయటికి ఉందో కొలిచి అదీ కలపాలి. ఒక పెద్ద కాగితం మీద ఇప్పటి ర్యాంపు గీయాలి: పొడవు 18.3, ఎత్తు 6.9. కింద కొత్తది: పొడవు 30.5, ఎత్తు 3.8. అట్టబండిని రెండింటి మీదా నడిపి చూస్తే ఎక్కడ తగులుతుందో మీ అత్తగారికి కూడా కనిపిస్తుంది. ఆవిడ ఏమీ చదువుకోలేదని రాశావు, దీనికి చదువు అక్కర్లేదు. అరుగును కూడా కాగితం మీద గీసి, ఆ మూడడుగుల నడవ చాలా ఇంకా కావాలా అని ఆవిడనే అడగండి. ఇంకో అడుగు కావాలంటే ఇవ్వండి, బండికి చోటు సరిపోతుంది.

పని ఇప్పుడు మొదలుపెట్టకండి. అక్టోబరు, నవంబరుల్లో మీ వైపు వానలు ఎలా ఉంటాయో నేను చెప్పక్కర్లేదు, పోర్టికో తవ్వి పెట్టుకుని ఆ వానలను ఎదుర్కోవడం ప్రమాదం. సంక్రాంతి దాటాక చేయండి. కాంక్రీటు పోశాక వారం రోజులు బాగా తడపాలి, 28 రోజుల దాకా బండి ఎక్కించకపోవడం మంచిది. ఈలోగా మీకు తెలిసిన రైసుమిల్లులోనో గోడౌన్‌లోనో నెలకింత అని ఇచ్చి బండి పెట్టించండి. ఆయన రాత్రిళ్లు లేవడం తగ్గుతుంది.

ఒక్కటి మాత్రం మీరు ఇంకా చెప్పలేదు. నెల్లూరు ఇళ్లలో చాలాచోట్ల నీళ్ల సంపు పోర్టికో కిందే ఉంటుంది. మీదీ అక్కడే ఉంటే పన్నెండు అంగుళాలు దించడం కుదరకపోవచ్చు, అప్పుడు బండికి బయటే శాశ్వతంగా షెడ్డు చూసుకోవాలి. దానికి మీ ఆయన సిద్ధపడి ఉండాలి. స్తంభాల పునాది ఎంత లోతుందో కూడా ఇంజినీరు వచ్చి చూశాకే గునపం వేయాలి. ఇల్లు కట్టినప్పుడు మీ మామగారి పక్కన నిలబడి రోజూ పని చూసింది అత్తగారే అన్నావు. సంపు ఎక్కడుందో ఆవిడకు తెలిసి ఉంటుంది. మీ ఆయన్నే వెళ్లి అడగమను. తెలిశాక నాకు రాయి.

మీ అక్క