స్పానిష్ చదివితే నౌకరీ ఉంటదా?

ప్రశ్న: మా చిన్నబిడ్డ ఇంటర్ పాసైంది. ఇంజనీరింగ్ వద్దు, స్పానిష్ చదువుత అంటున్నది. మాది విత్తనాలు, ఎరువుల దుకాణం. ఈ చదువుకు నౌకరీ ఉంటదా?
– ఒక తండ్రి, జడ్చర్ల

జవాబు: అన్నా, నాది కల్వకుర్తి. నేనూ ఈ చదువే చదివిన, మా ఇంట్లోనూ ఇదే లొల్లి. దూరం పంపనక్కరలేదు, హైదరాబాద్ తార్నాకలో ఇఫ్లూ, అంటే ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ ఉంది. ఢిల్లీ అయితే జేఎన్‌యూ (జవహర్‌లాల్ నెహ్రూ యూనివర్సిటీ), దానికి సీయూఈటీ అనే దేశవ్యాప్త ప్రవేశ పరీక్ష రాయాలి. భాష ముందే రానక్కరలేదు, అక్షరాల నుంచే మొదలుపెడతారు.

పలకడం మనకు తేలిక. వాళ్ల త, ద దాదాపు మనవే, ఇంగ్లిష్ ట, డ కావు. 'జె' అక్షరాన్ని మన దగ్గర ఉర్దూవాళ్లు 'ఖబర్' అన్నట్టు గొంతులోంచి అనాలి. పాలమూరు పిల్లకు అది ఒకరు నేర్పాలా! ఏడిపించేవి క్రియలు. కోరిక, అనుమానం చెప్పేటప్పుడు క్రియ రూపమే మారిపోతుంది. నా నోట్సు నిండా దాని కొట్టివేతలే.

భాషతో పాటు సంస్కృతీ చదవాలి. సంస్కృతి అంటే డాన్సులు, ఎద్దులతో పోరాటాలే కాదు. స్పెయిన్‌లో 1936–39 అంతర్యుద్ధం, ఆ తర్వాత ఫ్రాంకో నియంతృత్వం, 1492 తర్వాత స్పెయిన్ వాళ్లు చేసిన అమెరికా ఖండాల ఆక్రమణ, అన్నీ చదవాలి. మీ దుకాణంలో విత్తనమమ్మే పల్లి, మిరప కూడా ఆ ఖండాల పంటలే.

ఇక నౌకరీ. ఉత్త డిగ్రీతో కష్టం. స్పెయిన్ ప్రభుత్వానికి చెందిన సెర్వాంతెస్ సంస్థ పెట్టే స్పానిష్ పరీక్ష డెలేలో కనీసం బీ2 స్థాయి (ఆరు మెట్లలో నాలుగోది) తెచ్చుకుంటే హైదరాబాద్ కంపెనీల్లో తర్జుమా, కస్టమర్ సపోర్ట్ పనులకు దారి దొరుకుతుంది. నేనైతే దాని పై మెట్టు సీ1 దాకా పొమ్మంటాను. కాలేజీలో పాఠం చెప్పాలంటే పీజీ తప్పదు. అడ్మిషన్ ప్రకటనలు బిడ్డనే చూసుకోమనండి, సీటిప్పిస్తామనే వాళ్లకు పైసా ఇవ్వకండి.