ఫ్రేముకు బీట పడితే ఏం చేయాలి: మేనల్లుడికి లేఖ

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ విద్యుత్ మౌంటెన్ బైకు ఫ్రేముకు తీసి నీవు పంపిన ఫొటోలను పెద్దవి చేసుకుని చూశాను. సీటు కింద నిలువుగా ఉండే సీటు ట్యూబూ, పైన అడ్డంగా ఉండే టాప్ ట్యూబూ కలిసే చోట, వెల్డింగు అంచును ఆనుకుని కనిపిస్తున్న ఆ సన్నని గీత పైరంగుకు మాత్రమే పడింది కాదని నా అనుమానం. ఎత్తు ఎక్కేటప్పుడు కొన్నాళ్లుగా కిర్రుమంటోందని కూడా రాశావు కనుక ఆ అనుమానం ఇంకా బలపడింది. అనంతగిరి గుట్టలకు వెళ్లే ఆలోచన ఉంటే ప్రస్తుతానికి మానుకో. బాలానగర్‌లో ఎవరో గంటలో ఆర్గాన్ వెల్డింగు చేసి ఇస్తామన్నారట. ఆ పని కూడా ఈ లేఖ పూర్తిగా చదివేదాకా ఆపు.

ముందుగా బ్యాటరీ బయటికి తీసి, ఆ చోటును తడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, పక్కన స్కేలు పెట్టి మంచి వెలుతురులో మళ్లీ ఫొటోలు తియ్యి. బీట రెండు కొసలూ ఎక్కడ ఉన్నాయో పెన్సిలుతో గుర్తు పెట్టుకో. గోరుతో మెల్లగా అడ్డంగా గీరినప్పుడు గోరు తగులుకుంటే, తుడిచిన తర్వాత కూడా ఆ గీతలో నుంచి నల్లటి మసి ఊరుతుంటే, లోహమే పగిలిందని అనుకోవచ్చు. ఖాయం చేసుకోవడానికి డై పెనెట్రెంట్ పరీక్ష ఉంది: రంగు తీసేసిన లోహం మీద ఎర్రటి ద్రవం పూసి, పది పదిహేను నిమిషాలు ఆగి, తుడిచేసి, తెల్లటి డెవలపరు చల్లితే బీట ఉన్నంత మేరా ఎర్రగా తేలుతుంది. అయితే ఈ పరీక్షకు రంగు గీకవలసి ఉంటుంది, గీకిన ఫ్రేమును కంపెనీ వారంటీ కింద తీసుకోకపోవచ్చు. కాబట్టి కొన్న బిల్లు, ఫ్రేము అడుగున కొట్టి ఉండే సీరియల్ నంబరు, ఈ ఫొటోలు జతచేసి ముందు కంపెనీకి రాయి. వాళ్ల జవాబు చేతికి అందేదాకా ఆ చోట ఎమెరీ కాగితం తగలనివ్వకు. చాలా కంపెనీలు ఫ్రేముకు మిగతా భాగాల కంటే ఎక్కువ కాలం వారంటీ ఇస్తాయి కానీ, అది మొదట కొన్నవారికే వర్తిస్తుందన్న నిబంధన తరచుగా ఉంటుంది.

ఇక వెల్డింగు సంగతి. అల్యూమినియం అతుకులు నా చేతులతో వేసిన అనుభవంతోనే దీన్ని వివరంగా రాస్తున్నాను. నీ సైకిలు మీది స్టిక్కరులో 6061 అని ఉందన్నావు. అది మెగ్నీషియం, సిలికాన్ కలిసిన మిశ్రమలోహం. దాని బలమంతా కేవలం లోహంలో లేదు, ఫ్యాక్టరీలో ఫ్రేమును అతికిన తర్వాత దానికి చేసిన వేడి శుద్ధిలో ఉంది. అంటే సుమారు 530 డిగ్రీల వేడిలో ఉంచి, ఒక్కసారిగా చల్లార్చి, మళ్లీ 170 డిగ్రీల దగ్గర గంటల తరబడి కాల్చడం వల్ల వచ్చిన బలం అది. ఎంత చేయి తిరిగిన వెల్డరు వేసినా, కొత్త అతుకుకు ఇరువైపులా ఒక పట్టీ మేర ఆ శుద్ధి పోయి, అక్కడి లోహం సగం బలానికో అంతకంటే తక్కువకో మెత్తబడుతుంది. అతుకు పూస అందంగా, గట్టిగానే ఉంటుంది, దాని పక్కన ట్యూబు మళ్లీ చీలుతుంది. ఫ్రేమంతటినీ తిరిగి శుద్ధి చేయాలంటే అది పట్టేంత కొలిమి కావాలి, పైగా చల్లార్చేటప్పుడు ఫ్రేము వంకరపోతే బేరింగులు కూర్చునే చోట్లన్నీ తప్పుతాయి. 7005 అనే అల్యూమినియం రకమైతే ఆ చివరి 170 డిగ్రీల వంటి కాల్పుతోనే చాలావరకు బలం తిరిగి వస్తుంది కానీ, నీది ఆ రకం కాదు.

ఇంకొక విషయం. ఉక్కుకు ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దుకు లోబడిన ఒత్తిడిని అది ఎన్నిసార్లయినా తట్టుకుంటుంది. అల్యూమినియానికి అలాంటి హద్దు లేదు. తీగను అటూ ఇటూ వంచినప్పుడు తెగినట్లు, చిన్న చిన్న కుదుపులన్నీ దానిలో పోగుపడుతూనే ఉంటాయి. మామూలు మౌంటెన్ బైకు పదమూడు, పదిహేను కిలోలు ఉంటే మోటారు, బ్యాటరీ ఉన్నది ఇరవై రెండు మొదలు ఇరవై అయిదు కిలోల దాకా తూగుతుంది. ఆ బరువు రాళ్ల మీద దిగివచ్చే ప్రతిసారీ భారం అతుకుల మీదే పడుతుంది. సీటును మోసే కడ్డీని, అంటే సీటుపోస్టును, బయటికి లాగి, కనీసం ఇంతవరకు లోపల ఉండాలని దాని మీద వేసిన గుర్తు దాటి పైకి లేపావేమో చూడు. ఆ గుర్తు బయటపడితే పోస్టు ఒక మీటలా పనిచేసి, సరిగ్గా నీకు బీట పడిన చోటునే ఒత్తుతుంది. ఈ కారణం తేల్చుకోకుండా కొత్త ఫ్రేము వేస్తే అదీ అక్కడే పగులుతుంది.

మోటారు బిగించే చోట గానీ, హ్యాండిలు కూర్చునే హెడ్ ట్యూబు దగ్గర గానీ బీట పడితే నేను మరమ్మతు మాటే ఎత్తను. అక్కడ తెగితే మనిషి ముఖం మీద పడతాడు. కార్బన్ ఫ్రేములు అనుభవం ఉన్నవారి చేతిలో పొరలు పరిచి అతికితే బాగుపడతాయి కానీ, నీది అది కాదు కనుక ఆ చర్చ వద్దు. ఏ చిన్న వెల్డింగు చేయించవలసి వచ్చినా బ్యాటరీ, మోటారు, డిస్‌ప్లే, వైర్లు అన్నీ ఊడదీసి, ఒట్టి ఫ్రేము మాత్రమే దుకాణానికి తీసుకెళ్లు. లిథియం బ్యాటరీ ఉన్న గదిలో వెల్డింగు ఆర్క్ కొట్టనివ్వకు.

వారంటీ కుదరకపోతే ఫ్రేము మార్చడమే దారి. ఇక్కడ అందరూ ముందు చూసేది చక్రాల సైజు, నీవు చూడవలసింది మోటారు. బాష్ మోటారుకు చేసిన ఫ్రేములో షిమానో మోటారు కూర్చోదు. ఒకే కంపెనీలో కూడా తరం మారితే బోల్టుల వరస మారుతుంది. తర్వాత హ్యాండిలు దగ్గర నుంచి పెడళ్ల వైపు దిగే డౌన్ ట్యూబులో బ్యాటరీ పొడవు, వెనక షాక్ అబ్జార్బరును బిగించే రెండు రంధ్రాల మధ్య దూరం, అది కుంగే మేర (స్ట్రోకు), వెనక ఇరుసు వెడల్పు సరిచూడు. 148 మిల్లీమీటర్ల వెనక హబ్బుకు (చక్రం నడిమి భాగానికి) 142 మిల్లీమీటర్ల ఫ్రేము పనికిరాదు. ఫ్రేములో ముందు త్రికోణం, అంటే ఈ మూడు ట్యూబులున్న ముందు భాగం, ఒక్కటే విడిగా దొరుకుతుందేమో కూడా అడుగు. బీట ఉన్నది అందులోనే కనుక వెనక భాగం ఖర్చు మిగులుతుంది. చవకగా వస్తోందని మోటారు లేని మామూలు ఫ్రేము తీసుకుని దానికి మోటారు కిట్టు తగిలించే పని మాత్రం పెట్టుకోకు. విద్యుత్ మౌంటెన్ బైకుల కోసం ఐరోపాలో 2022లో ఈఎన్ 17404 అనే ప్రత్యేక ప్రమాణం తెచ్చారంటే, వాటి మీద పడే భారం వేరని గుర్తించినట్లే.

బిగించేటప్పుడు మోటారును వైర్ల మీద వేలాడనివ్వక కింద చెక్కదిమ్మ పెట్టు. మోటారు బోల్టులు కొత్తవి వేసి, మాన్యువల్‌లో ఇచ్చిన కొలతకే టార్క్ రెంచితో బిగించు, అంచనా మీద వద్దు. మొదటి రెండు మూడు సవారీల తర్వాత ఆ బోల్టులన్నీ మళ్లీ సరిచూసి, అతుకుల వెంట గుడ్డతో తుడిచి పరిశీలించు.

వారంటీ వ్యవహారం తేలేదాకా పాత ఫ్రేమును పారేయకు, కంపెనీ తిప్పి అడగవచ్చు. అది ముగిశాక డౌన్ ట్యూబును రంపంతో రెండుగా కోసి, ఆ తర్వాతే పాతసామాన్ల వాడికి ఇవ్వు. లేకపోతే ఎవరో దానికి రంగు వేసి ఇంకొకరికి అమ్ముతారు.

ఇట్లు,
మీ మామయ్య