ఎర్నెస్ట్ మనీ, అడ్వాన్స్ ఒకటేనా?

ప్రశ్న: సార్, 60 లక్షలకు ఇల్లు కొనడానికి ఇంగ్లీషులో అగ్రిమెంట్ రాసుకున్నాం. సంతకాల రోజు 5 లక్షలు, రెండు నెలలకు మరో 10 లక్షలు బ్యాంకు ద్వారా ఇచ్చాను. ‘మీ అడ్వాన్స్ 10 అందింది’ అని ఆయన వాట్సాప్ మెసేజ్ కూడా పంపాడు. అగ్రిమెంట్ నకలు జతచేశాను. లోన్ రాక గడువులోగా రిజిస్ట్రేషన్ చేయించుకోలేకపోయాను. మా ఆవిడ నగలమ్మిన డబ్బు సార్ అది. అగ్రిమెంట్ రద్దు చేశామని, 15 లక్షలూ జప్తేనని అమ్మిన ఆయన నోటీసిచ్చి రెండేళ్ల ఎనిమిది నెలలైంది. కాగితంలో ‘ఎర్నెస్ట్ మనీ’ అని ఉంది. అడ్వాన్స్ అన్నా అదే కదా? డాక్యుమెంట్ రైటర్ నా కాపీలో ఆ మాట కొట్టేసి ‘అడ్వాన్స్’ అని దిద్దిస్తానంటున్నాడు. దిద్దించుకోవచ్చా?

జవాబు: ఆ కాపీ మీద ఎవరినీ పెన్ను పెట్టనివ్వకండి. సంతకాలయ్యాక ఇలా దొంగచాటుగా మాట మార్చడం భారతీయ న్యాయ సంహిత (ఐపీసీ స్థానంలో వచ్చిన శిక్షాస్మృతి) సెక్షన్ 336 కింద ఫోర్జరీ. ఆస్తి హక్కుకు సంబంధించిన పత్రం కాబట్టి 338 కూడా పడుతుంది, దానికి శిక్ష యావజ్జీవం దాకా ఉంది. రెండో కాపీ అవతలివాళ్ల బీరువాలో భద్రంగా ఉంది. కోర్టులో రెండూ పక్కపక్కన పెడితే సొమ్ముతో పాటు మీ మాటకున్న విలువా పోతుంది.

ఈ రెండు మాటలూ ఒకటి కావు. ఎర్నెస్ట్ మనీ అంటే మన బయానా: ఒప్పందం నిలబెట్టుకుంటానని కుదుర్చుకునేటప్పుడే ఇచ్చే హామీ. బేరం పూర్తయితే ధరలో కలుస్తుంది, కొనేవారు తప్పితే పోతుంది. అడ్వాన్స్ ధరలో కొంత ముందుగా చెల్లించడమే. బేరం చెడితే, అవతలివారు నష్టం రుజువు చేసుకున్నంత మేర తప్ప, తిరిగి ఇవ్వాలి. 2012లో సతీశ్ బాత్రా కేసులో సుప్రీంకోర్టు, 70 లక్షల బేరంలో 7 లక్షల బయానా జప్తును సమర్థిస్తూనే, కేవలం ధరలో భాగంగా చెల్లించిన సొమ్మును జప్తు చేయరాదని చెప్పింది. పైన రాసిన పేరొక్కటే చూసి కోర్టు తేల్చదు, షరతులన్నీ చదువుతుంది.

నగల సంగతి కోర్టు అడగదు. మీ కేసు తేలేది ఏ సొమ్ము ఏ రోజు చేతులు మారింది అన్న దగ్గరే. మీరు పంపిన నకలులో జప్తు షరతు ‘సంతకాల రోజు చెల్లించిన ఎర్నెస్ట్ మనీ’కి మాత్రమే ఉంది. తర్వాత వెళ్లిన 10 లక్షలు అందులోకి రావు. దానికి బ్యాంకు స్టేట్‌మెంటే మీ సాక్ష్యం. ‘మీ అడ్వాన్స్ 10 అందింది’ అని ఆయన పంపిన వాట్సాప్ మెసేజ్ ఉందన్నారు కదా, ఫోను మార్చకండి, అది చెరపకండి. భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 ప్రకారం, ఆ మెసేజ్‌ను ధ్రువీకరించే సర్టిఫికెట్‌తో దాఖలు చేయాలి.

5 లక్షల మీద పెద్దగా ఆశ పెట్టుకోకండి. తప్పింది మీరే. లోన్ రాకపోతే సొమ్ము వాపసు అన్న షరతు ఒక్క లైను రాయించుకోకుండా, చదవకుండా 60 లక్షల కాగితం మీద సంతకం పెట్టారు! అయినా ఆ ఇంటికి ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించండి. ఆయన అంతకంటే ఎక్కువ ధరకు అమ్ముకుని ఉంటే, ఆయనకు నష్టమేమిటని కాంట్రాక్టు చట్టం 74 కింద వాదించే వీలుంది.

అసలు భయం దావా వేసే గడువు. రద్దయిన రోజు నుంచి మూడేళ్లు, అంటే మీకు మిగిలింది నాలుగు నెలలు. లాయర్ నోటీసులు ఎన్ని పంపినా ఆ లెక్క ఆగదు, ‘చూద్దాంలే’ అన్న నోటిమాటకూ ఆగదు. అప్పు ఉందని ఒప్పుకుంటూ ఆయన సంతకంతో, గడువులోపే కాగితమిస్తేనే మళ్లీ మొదలవుతుంది. కోర్టు ఫీజుకు డబ్బు సర్దుకుని, ఈ నెలలోనే వడ్డీతో సహా 10 లక్షల వాపసుకు దావా వేయించండి, అదే దావాలో 5 లక్షలు విడిగా అడగండి. అసలు అగ్రిమెంట్ ఎలా ఉందో అలాగే, ఒక్క గీత పడకుండా, మీ వకీలు చేతికివ్వండి.