బైకాల్ సరస్సు పూడిపోదెందుకు?

ప్రశ్న: మా పాప తొమ్మిదో తరగతి. అట్లాసులో రష్యాలోని సైబీరియాలో ఉన్న బైకాల్ సరస్సు చూపించి, ఇంత సన్నగా ఉన్నదాంట్లో ప్రపంచంలోని మంచినీళ్లలో ఐదో వంతు ఎలా పట్టిందమ్మా అని అడిగింది. నాకు ఇంకో అనుమానం. మా ఊరి చెరువు ఒక్క గెడ్డ తెచ్చే మట్టికే పూడిపోతోంది, ఉపాధి పనుల్లో తీసినా నాలుగేళ్లకు మళ్లీ అంతే. మూడు వందలకు పైగా నదులూ వాగులూ కలిసే ఆ సరస్సు ఎందుకు పూడలేదు? మా దగ్గర తేలినీలాపురానికి ఏటా వచ్చే పక్షులు కూడా ఆ సైబీరియా నుంచే వస్తాయంటారు, నిజమేనా?
– ఒక పాఠకురాలు, టెక్కలి

జవాబు: పాప చాలా మంచి ప్రశ్న అడిగిందమ్మా. ముందు ఆ సన్నదనం సంగతి. బైకాల్ పొడవు 636 కిలోమీటర్లు, అంటే ఇచ్ఛాపురంలో రైలెక్కి విజయవాడలో దిగినా అంత దూరం రాదు. వెడల్పు ఎక్కువున్న చోట కూడా 80 కిలోమీటర్లు దాటదు. కానీ అట్లాసులో లోతు కనబడదు కదా, ఆ లోతు 1,642 మీటర్లు! అమెరికాలోని సుపీరియర్ సరస్సు విస్తీర్ణంలో దీనికి రెండున్నర రెట్లు ఉంటుంది గానీ లోతు 406 మీటర్లే, అందుకే నీళ్లు బైకాల్‌లో సగమే. మనకు అలవాటైన లెక్కలో చెప్పాలంటే బైకాల్‌లో ఉన్నవి సుమారు 8.3 లక్షల టీఎంసీలు. నాగార్జున సాగర్ నిండితే 312. ఇక ఐదో వంతు అన్నది భూమ్మీద గడ్డకట్టకుండా పైన ఉన్న మంచినీటిలో. ధ్రువాల మంచు, భూగర్భ జలం ఆ లెక్కలోకి రావు, పాపకు ఇది తప్పకుండా చెప్పండి.

మీ అనుమానం నాకు ఇంకా నచ్చింది. బైకాల్‌లో పూడిక లేదనుకోకండి. అడుగున పేరుకున్న మట్టి కొన్నిచోట్ల 7 కిలోమీటర్ల మందం ఉంది! అయినా నిండదు, ఎందుకంటే అది భూమి పైపొర చీలిన చోట ఏర్పడిన సరస్సు. చీలిక రెండు వైపులా ఏడాదికి కొన్ని మిల్లీమీటర్ల చొప్పున ఇప్పటికీ దూరం జరుగుతూనే ఉన్నాయి, మధ్యలో నేల కుంగుతూనే ఉంది, సుమారు రెండున్నర కోట్ల ఏళ్లుగా ఇదే వరస. సరస్సు పొడుగ్గా సన్నగా ఉండటానికి కారణం కూడా ఆ చీలికే. 1862లో భూకంపం వచ్చినప్పుడు బైకాల్‌లో కలిసే సెలెంగా నది డెల్టా పక్కన దాదాపు 200 చదరపు కిలోమీటర్ల మైదానం కుంగి నీళ్లలో మునిగిపోయింది, ఇప్పుడు దాన్ని ప్రొవాల్ అఖాతం అంటారు. మన చెరువు కింద నేల కదలదు, కాబట్టి పడిన మట్టి పడినట్టే ఉంటుంది. తీయాల్సింది మనమే.

అన్ని నదులు వచ్చి కలిసినా బయటికి పోయేది మాత్రం అంగారా ఒక్కటే. లోపలికొచ్చిన నీరు సగటున మూడు వందల ఏళ్లకు పైగా అక్కడే ఉంటుందంటే, అందులో మురికి కలిస్తే పరిస్థితి ఏమిటో ఆలోచించండి. ఒడ్డునే 1966లో పెట్టిన కాగితపు గుజ్జు కర్మాగారాన్ని 2013లో గానీ మూయలేదు. అంత ఆలస్యం చేయడం ఘోరం అనిపిస్తుంది నాకు.

ఇక పక్షులు. తేలినీలాపురంలో ప్రధానంగా కనిపించేవి పెలికాన్లు, పెయింటెడ్ స్టార్క్‌లు. అవి ఇక్కడికొచ్చి గూళ్లు కట్టి, గుడ్లు పెట్టి పిల్లల్ని పెంచుతాయి. చలి తప్పించుకోవడానికి సైబీరియా నుంచి దిగే పక్షి తిరిగి వెళ్లాక అక్కడే పిల్లల్ని చేస్తుంది గానీ ఇక్కడ చేయదు. ఈ రెండు జాతులూ మన దేశమూ చుట్టుపక్కల దేశాలవే. ఈ చలికాలం పాపను తీసుకెళ్లి చెట్ల మీద గూళ్లు చూపించండి, టెక్కలి నుంచి ఎంతో దూరం లేదు.