మా ఐదు వేలు ఏ మూలకు?

ప్రశ్న: అమ్మకు అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో వైద్యం చేయించాం. మా దగ్గర చాలా తక్కువే తీసుకున్నారు. మిగతా ఖర్చు ఎవరు భరిస్తారండీ? మేం ఐదు వేలు పంపితే వాళ్లకు ఏ మూలకు?
– ఓ పాఠకురాలు, నెల్లూరు

జవాబు: అలా అనుకోకండమ్మా. క్యాన్సర్‌తో చెల్లెల్ని పోగొట్టుకున్న ముత్తులక్ష్మీ రెడ్డి గారి పట్టుదలతో 1954లో 12 పడకలతో మొదలైంది ఆ ఆసుపత్రి. దాన్ని ఏళ్ల తరబడి నడిపిన డాక్టర్ శాంత గారైతే ఆ ఆవరణలోనే ఉండిపోయారు. ఇచ్చుకోగలిగినవాళ్ల ఫీజులు, సర్కారు గ్రాంటు, దాతల సొమ్ము కలిస్తేనే లేనివాళ్లకు మందులు.

నేను ముప్పై ఏళ్లు ట్రస్టుల పద్దులు రాశాను. రేడియేషన్ మిషను కొనిచ్చే దాతలు దొరుకుతారు, గోడ మీద పేరు పడుతుంది కదా! దాని మెయింటెనెన్సుకీ, నర్సుల జీతాలకీ అడిగితే ముఖం చాటేస్తారు. కరెంటు బిల్లు మీద ఎవరి పేరు చెక్కుతాం? అందుకే 'ఫలానా దానికే' అని షరతు పెట్టకుండా పంపండి.

నగదు 2,000 దాటితే విరాళం మీద ఆదాయపు పన్ను మినహాయింపు (80జి) రాదు, చెక్కు మేలు. మీరు కొత్త పన్ను విధానంలో ఉంటే ఎలా ఇచ్చినా రాదు. రసీదు మాత్రం అడిగి తీసుకోండి.