పాటల పెట్టె: ‘అరైవల్’ రికార్డు మీద మీ ప్రశ్నలు, మా జవాబులు

స్వీడన్ బృందం అబ్బా 1976 అక్టోబరులో విడుదల చేసిన ‘అరైవల్’ ఎల్పీ (నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే పెద్ద రికార్డు) గురించి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పాఠకులు చాలా ఉత్తరాలు రాశారు. వాటిలో కొన్ని ఈ నెల.

మా మావయ్యగారు అమెరికా నుంచి రికార్డ్ ప్లేయర్ తెచ్చారు. 110 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ కూడా కొన్నాం. ‘డాన్సింగ్ క్వీన్’ పెడితే ఆడవాళ్ళ గొంతులు మగ గొంతుల్లా ఈడుస్తూ వస్తున్నాయి. రికార్డు పాడైందంటారా?
– ఒక పాఠకుడు, బొబ్బిలి

రికార్డు తప్పేమీ లేదండీ. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని తగ్గిస్తుంది, కరెంటు ఫ్రీక్వెన్సీని మార్చలేదు. అమెరికాలో అది 60 హెర్ట్జ్, మనకు 50. ఏసీ సింక్రనస్ మోటారు ఫ్రీక్వెన్సీని బట్టే తిరుగుతుంది కాబట్టి, నిమిషానికి 33⅓ చుట్లు తిరగాల్సిన పళ్ళెం 27.8 దగ్గరే ఆగిపోతోంది. ‘ఎ మేజర్’ (A) శ్రుతిలో ఉన్న ఈ పాట ‘ఎఫ్ షార్ప్’ (F#) కిందికి జారుతుంది. అంటే హార్మోనియం మీద మూడు మెట్లు దాటి దిగినట్టు.

ముందు ఇదేనా అన్నది తేల్చుకోండి. పళ్ళెం అంచున చిన్న తెల్ల కాగితం అంటించి, రికార్డు మీద ముల్లు ఆనించి, ఫోనులో 3 నిమిషాలు పెట్టుకుని చుట్లు లెక్కపెట్టండి. సరిగ్గా 100 రావాలి. 83 వస్తే ఫ్రీక్వెన్సీయే కారణం. 97, 98 వస్తే బెల్టు సాగిందన్నమాట, కొత్తది వేస్తే చాలు. బెల్టుతో నడిచే ప్లేయరైతే ఆ మోడల్‌కు 50 హెర్ట్జ్ పుల్లీ (మోటారు మీద బెల్టు తిరిగే చిన్న చక్రం) దొరుకుతుందేమో వెతకండి. దొరక్కపోతే లేత్ పనివారి చేత పాత పుల్లీ వ్యాసానికి 1.2 రెట్లు ఉండేలా కొత్తది తిప్పించుకోండి. 33, 45 చుట్ల వేగాలకు పుల్లీ మీద రెండు మెట్లుంటే రెండూ అదే లెక్కలో పెరగాలి. 60 హెర్ట్జ్ మోటారు 50 మీద కాస్త ఎక్కువ వేడెక్కుతుంది, అందుకని గంటల తరబడి ఆపకుండా తిప్పొద్దు. అడాప్టర్‌తో నడిచే డీసీ మోటారు ప్లేయర్లకు ఈ బాధే లేదు.

ఇందులో పాడింది ఇద్దరే అమ్మాయిలట. పదిమంది పాడినట్టు ఎలా వినిపిస్తోంది? మేం ఇంట్లో చేసి చూడొచ్చా?
– ఒక సంగీత విద్యార్థిని, విజయనగరం

అగ్నేథా, ఫ్రీడా ఇద్దరే పాడారు, అక్కడక్కడ బృందంలోని మగవాళ్ళు బెన్నీ, బ్యోర్న్ గొంతు కలిపారు. ఆ నిండుదనం వెనకున్న మనిషి సౌండ్ ఇంజనీరు మైకేల్ ట్రెటో. ఒకసారి పాడింది అలాగే ఉంచి, టేపు వేగం పిసరంత మార్చి, అదే వరుసను దానిమీద మళ్ళీ పాడించేవాడు. తర్వాత మామూలు వేగంలో వేస్తే రెండో గొంతు శ్రుతిలోనూ గుణంలోనూ వెంట్రుకవాసి తేడాతో వచ్చి మొదటి గొంతును ఒరుసుకుంటుంది. చెవికి అది గుంపుగా తోస్తుంది.

మీరూ చేయొచ్చు. కంప్యూటర్లో ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. ఇయర్‌ఫోన్లో మొదటి ట్రాక్ వింటూ రెండోసారి పాడండి. పాడిందాన్నే కాపీ కొట్టి పక్కన పెడితే శబ్దం పెరుగుతుందే తప్ప గుంపు రాదు. రెండో ట్రాక్ శ్రుతిని 0.5 శాతం పెంచండి. 2 శాతం దాటిందా, అది అపశ్రుతే. ఇక్కడ ఎక్కువమంది తప్పు చేసేది ఎక్కడంటే, శ్రుతి మార్చే ఆప్షన్ బదులు వేగం మార్చేది నొక్కుతారు. అప్పుడు 3 నిమిషాల పాటలో చివరికొచ్చేసరికి రెండో గొంతు దాదాపు ఒక సెకను ముందుకెళ్ళిపోతుంది. ట్రెటోకు ఆ చిక్కు లేదు, ఎందుకంటే గాయనులు మార్చిన వేగానికే తాళం పట్టి పాడారు.

‘డాన్సింగ్ క్వీన్’ మొదలును నాలుగైదుసార్లు వినండి. పియానో మెట్ల మీద ఒక్క జారుడు, కాసేపు మాటల్లేని గొంతులు, ఆపైన పల్లవి. అదీ మొదటి సగం కాదు, రెండో సగం! అప్పటికే జోరుగా సాగుతున్న పాటలోకి తలుపు తీసుకుని వెళ్ళినట్టుంటుంది. పల్లవి మొత్తం వినడానికి చరణం దాటేదాకా ఆగాలి. ఇంత తెలివైన ఎత్తుగడ ఆ కాలపు పాప్ పాటల్లో అరుదు. ఇక ఆఖరి పాట, ఆల్బమ్ పేరే ఉన్నది, మాటల్లేకుండా స్వీడన్ జానపద బాణీ ధోరణిలో సాగుతుంది. గొంతుల పొరలు విడివిడిగా పట్టుకోవడానికి అదే మంచి పాఠం.

మొదటి వైపు చివర వచ్చే ‘నోయింగ్ మీ, నోయింగ్ యూ’లో ‘స’ అక్షరం వచ్చినప్పుడల్లా గరగర. అదే వైపు మొదటి పాట శుభ్రంగా ఉంది. ఎందుకని?
– ఒక పాఠకుడు, రాజాం

పళ్ళెం ఒకే వేగంతో తిరిగినా, ముల్లు కింద గాడి పరిగెత్తే వేగం ఒకటి కాదు. రికార్డు అంచున సెకనుకు 51 సెంటీమీటర్లు, లేబుల్ దగ్గర 21. అంత ఇరుకులో ‘స’కారం లాంటి సన్నని ధ్వనుల మెలికలు కుదించుకుపోయి, అరిగిన ముల్లుకు అందవు. ముల్లు మార్చండి, ముల్లును పట్టి ఉంచే కార్ట్రిడ్జ్ వరుసను కొలతకాగితంతో సరిచూడండి, ముల్లు రికార్డు మీద మోపే బరువు తయారీదారు చెప్పినంతే పెట్టండి. మాగ్నెటిక్ కార్ట్రిడ్జ్‌లకు సాధారణంగా 1.5 నుంచి 2 గ్రాములు. బరువు తగ్గిస్తే రికార్డు బతుకుతుందనుకోవడం పొరపాటు. తేలికైన ముల్లు గాడిలో ఎగిరెగిరి పడి ఇంకా ఎక్కువ చెక్కేస్తుంది.

వానాకాలం తర్వాత ఎల్పీల మీద తెల్ల బూజు పట్టింది. ఏం చెయ్యాలి?
– ఒక పాఠకురాలు, టెక్కలి

డిస్టిల్డ్ వాటర్ 75 మిల్లీలీటర్లు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 25, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క. మైక్రోఫైబర్ గుడ్డతో గాళ్ళ వెంటే గుండ్రంగా తుడవండి, అడ్డంగా వద్దు. లేబుల్ తడవకూడదు. తర్వాత ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో మరోసారి తుడిచి నీడన నిలబెట్టి ఆరబెట్టండి. బోరునీళ్ళు వాడితే ఉప్పు గాళ్ళలో పేరుకుని చిటపటలు మిగులుతాయి. ఇంట్లో పాత 78 ఆర్‌పీఎం లక్క రికార్డులుంటే వాటికి ఈ మందు ముట్టించకండి, ఆల్కహాల్ లక్కను కరిగిస్తుంది. లోపలి కాగితపు కవరు బూజు పట్టి ఉంటే పారేయండి. రికార్డులు ఎప్పుడూ నిలువుగానే ఉంచాలి. రేకుల కప్పు కింద, అటక మీద పెడితే వేసవిలో వంకర్లు పోతాయి.

మాటలు సగం అర్థం కాకపోయినా మా ఇంట్లో మూడు తరాలూ ఈ పాటలు వింటాం. ఏముంది వీటిలో? ‘నోయింగ్ మీ’ వాళ్ళ సొంత విడాకుల పాటేనా?
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం

రెండో ప్రశ్నకు జవాబు, కాదు. పాట 1976 నాటిది, బ్యోర్న్, అగ్నేథా దంపతులు విడిపోతున్నట్టు చెప్పింది 1979లో. బెన్నీ, ఫ్రీడా జంట 1981లో. అయినా ఖాళీ ఇంటిని తలుచుకుని ఫ్రీడా పాడిన తీరు వింటే సొంత కథే అనిపిస్తుంది, అది ఆమె గొప్పతనం.

ఏముందంటే, ఉత్సాహం అడుగున దిగులు ఉంది. ‘డాన్సింగ్ క్వీన్’ తాళానికి కాళ్ళు ఆడతాయి గానీ, పాడేది పదిహేడేళ్ళ ఆ పిల్ల కాదు, ఆమెను పక్కనుంచి చూస్తున్నవాళ్ళు. ఆ వయసు దాటొచ్చిన ప్రతివాళ్ళకీ ఆ చూపు తెలుసు, ఇంగ్లీషు రాకపోయినా స్వరం చెబుతుంది. 1977లో బ్రిటన్‌లో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడైన ఆల్బమ్ ఇదే. కొత్తదనం మోజే అయితే ఆ ఏటితోనే పోయేది. నాలుగుసార్లు విన్నాక ఐదోసారి ఇంకో పొర తగులుతుంది కనుకనే ఇన్నేళ్ళూ వదల్లేదని మా నమ్మకం.

మా సీడీలో ‘ఫెర్నాండో’ ఉంది, నాన్నగారి ఎల్పీలో లేదు. ఏది అసలుది?
– ఒక పాఠకుడు, చీపురుపల్లి

ఎల్పీయే. స్వీడన్ అసలు ఎల్పీలో పది పాటలే. 1976 మార్చిలో సింగిల్‌గా, అంటే ఆల్బమ్‌తో కాకుండా విడి చిన్న రికార్డుగా వచ్చిన ‘ఫెర్నాండో’ను ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఎల్పీల్లో చేర్చారు. తర్వాతి సీడీల్లో అది అదనపు పాట. ఆల్బమ్‌ను వరుసగా వినాలనుకున్నప్పుడు మాటల్లేని ఆ పదో పాటతో ఆపేయండి.